ఇన్‌స్పెక్టరు రాకపోతే యజమానికి లాభమా?

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీగా ఉన్నదంటే యజమానులంతా పండుగ చేసుకుంటారని లోకంలో ఒక నమ్మకం ఉంది. పంతులు రాని రోజున బడిపిల్లలు గంతులు వేసినట్లే ఇదీనని అనుకుంటారు కాబోలు. పిల్లల సంతోషం పరీక్షలు వచ్చేదాకానే. మరి యజమాని సంతోషం ఎందాకా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉన్నదనుకుంటాను. ఎందుకంటే నేనూ యజమానినే.

హైదరాబాదు బాలానగరులో నాకొక చిన్న ప్రెస్సు షాపు ఉంది. ఇనుప రేకులు కోసి, వంచి, బెజ్జాలు కొట్టి, ఫ్యాన్లకూ మోటారు బండ్లకూ కావలసిన విడిభాగాలు చేసి పెద్ద కంపెనీలకు సప్లయి చేస్తాము. పాతికమంది పనివాళ్ళు. ముప్ఫయ్యేళ్ళు దాటిన అనుభవం. మొదటి పదిహేనేళ్ళలో ఇన్‌స్పెక్టర్లను చాలామందిని చూశాను. ఇటీవల కొన్నేళ్ళుగా చూడటం అరుదైపోయింది. ఉన్న ఒక్క అధికారికీ పక్క ప్రాంతం కూడా అదనపు బాధ్యతగా అంటగట్టారు. బల్ల మీది కాగితాలే ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వవు. ఇక మా వీధి దాకా వచ్చే తీరిక ఎక్కడిది?

ఇందువల్ల కార్మికులకు నష్టమని అందరూ ఒప్పుకుంటారు. యజమానికి కూడా నష్టమేనంటే మాత్రం నమ్మరు. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

తనిఖీని కోరిందెవరు?

ఈ ఉద్యోగం ఎట్లా పుట్టిందో వింటే పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. మిల్లుల్లో పనిచేసే పసివాళ్ళ కోసం ఇంగ్లండులో 1802లోనే ఒక చట్టం చేశారు. అమలు చేసేందుకు జీతపు ఉద్యోగి లేడు. ఊళ్ళో పెద్దమనుషులే అప్పుడప్పుడూ వెళ్ళి చూసి రావాలన్నారు. పెద్దమనుషులకూ మిల్లు యజమానులకూ విందులూ వియ్యాలూ నడుస్తుంటే ఎవరు ఎవర్ని తనిఖీ చేస్తారు? చట్టం కాగితం మీదనే ఉండిపోయింది. 1833లో మళ్ళీ చట్టం చేసినప్పుడు ప్రభుత్వమే ఇన్‌స్పెక్టర్లను నియమించింది. ఎందరిననుకున్నారు? దేశం మొత్తానికి నలుగురిని!

ఆనాడు తనిఖీ కావాలన్న వారిలో కొందరు పెద్ద మిల్లు యజమానులు కూడా ఉన్నారు. పసివాళ్ళ మీద జాలి కొంత ఉంటే ఉండవచ్చు. వ్యాపారపు లెక్క కూడా ఉంది. తాము చట్టానికి లోబడి వేళకు మిల్లు ఆపితే, పక్కవాడు రాత్రింబవళ్ళు నడిపిస్తుంటే, తమ గుడ్డ ఎవరు కొంటారు?

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. దాని వెనుకా ఇటువంటి కథే. బొంబాయి మిల్లుల్లో చవక కూలికి, అడ్డూ ఆపూ లేని పనిగంటలతో తయారయ్యే సరుకు తమ కొంప ముంచుతుందని లాంకషైర్ మిల్లుదారులు గోల పెట్టారు. ఏతావాతా తేలేదేమంటే, చట్టం అందరికీ ఒకటిగా నడవాలని మొదటినుంచీ కోరినవారిలో యజమానులూ ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మన ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. 1949లో భారత ప్రభుత్వం, అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 81వ ఒడంబడికకు సమ్మతి తెలిపింది. ఇన్‌స్పెక్టర్లు తగినంతమంది ఉండాలనీ, అవసరమైనన్నిసార్లు తనిఖీలు జరగాలనీ అందులో ఉంది. చట్టాన్ని ఎట్లా పాటించాలో యజమానులకూ కార్మికులకూ సాంకేతికమైన సలహా చెప్పటం కూడా ఇన్‌స్పెక్టరు విధుల్లో ఒకటని అందులోనే ఉంది. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. నాకు మాత్రం అనుభవంలో తెలిసింది.

రెండు బటన్ల కథ

పవర్ ప్రెస్సు ఎరుగని వారికి ఒక్క మాట. కింద ‘డై’ ఉంటుంది. పైనుంచి ‘పంచ్’ టన్నుల బలంతో దిగుతుంది. మధ్యన రేకు పెట్టాలి. పెట్టేది చెయ్యి, పంచ్‌ను దించే పెడలు తొక్కేది కాలు. పూటంతా ఇదే పని, వేలసార్లు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెయ్యి బయటికి రాకముందే కాలు పడిందంటే వేళ్ళు పోతాయి. ప్రెస్సు షాపులున్న పేటలో టీకొట్టు దగ్గర నిలబడి, గ్లాసులు పట్టుకున్న చేతులు చూడండి. నేను చెప్పేది బోధపడుతుంది.

నేను షాపు పెట్టిన కొత్తలో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చారు. వయసు మళ్ళిన మనిషి. రిజిస్టర్లు అడగలేదు. నేరుగా ప్రెస్సు దగ్గరికి పోయి పావుగంట సేపు నిలబడి చూశారు.

“ఏమండీ, ఈ పెడలు తీయించి రెండు బటన్లు పెట్టించండి. రెండు చేతులతో రెండూ ఒక్కసారి నొక్కితే గాని పంచ్ దిగకూడదు. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే డై మీద ఏముంటుంది? రేకు తప్ప!” అన్నారు.

“పని నెమ్మదిస్తుందేమో సార్” అన్నాను.

“నెమ్మదిస్తుంది. వేలు తెగిన రోజున పూర్తిగా ఆగిపోతుంది” అన్నారాయన.

నా డైరీలోనే బొమ్మ గీసి చూపించారు. నెల గడువుతో నోటీసు కూడా ఇచ్చారు. గడువులోపలే పెట్టించాను. ఆ ప్రెస్సు మీద ఇప్పటిదాకా ఎవరి వేలూ పోలేదు.

ఆ సలహాకు నేను పైసా ఫీజు ఇవ్వలేదు. ఈమధ్య మా పక్క షెడ్డులో ఒక కుర్రవాడు షాపు పెట్టాడు. ఇంజనీరింగు చదివాడు, బ్యాంకు అప్పు తెచ్చాడు, పాత ప్రెస్సులు రెండు కొన్నాడు. బుద్ధిమంతుడు. కాని అతని ప్రెస్సు దగ్గర పావుగంట నిలబడి చూసే ఇన్‌స్పెక్టరు లేడు. నేను చెబితే విన్నాడనుకోండి. ప్రతి వీధిలోనూ పక్క షెడ్డువాడు చెబుతాడన్న హామీ ఏముంది?

ధర్మానికి పడే జరిమానా

ఇక డబ్బు లెక్క. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది చట్టం. పాత చట్టంలోనూ అంతే, కొత్త కోడులోనూ అంతే.

ఒకే వీధిలో పాతికేసి మంది పనివాళ్ళున్న రెండు షాపులు ఉన్నాయనుకోండి. గంటకు కూలి 60 రూపాయలు. ఒక్కొక్క మనిషి నెలకు 16 గంటలు ఓవర్‌టైము చేస్తాడు. మొత్తం 400 గంటలు. చట్టం పాటించే యజమాని గంటకు 120 చొప్పున 48,000 రూపాయలు ఇస్తాడు. పాటించనివాడు మామూలు కూలి చొప్పున 24,000 ఇచ్చి ఊరుకుంటాడు. తేడా నెలకు 24,000. ఏడాదికి 2,88,000.

ఇది ఒక్క ఓవర్‌టైము మాటే. ప్రెస్సుకు గార్డు పెట్టనివాడికీ, ప్రావిడెంటు ఫండు కట్టనివాడికీ, పనివాళ్ళలో సగంమందిని పుస్తకాల్లో చూపనివాడికీ ఇంకెంత మిగులుతుందో మీరే ఊహించుకోవచ్చు. పెద్ద కంపెనీల కొనుగోలు అధికారి ముక్కకు పది పైసల తేడా కనిపిస్తే ఆర్డరు మార్చేస్తాడు. ఆయనకు ముక్క కనిపిస్తుంది గాని దాని వెనుక కూలి కనిపించదు. అది చూడవలసినవాడు ఇన్‌స్పెక్టరు. ఆయన రాకపోతే చట్టం పాటించినవాడే నెలనెలా జరిమానా కట్టినట్లవుతుంది. ఈ జరిమానా ఏ కోర్టూ వేసింది కాదు, దీనికి అప్పీలూ లేదు.

ఇట్లా రెండు మూడేళ్ళు ఆర్డర్లు పోగొట్టుకున్న యజమాని ముందు రెండే దారులుంటాయి. షాపు మూయటం, లేదా పక్కవాడిలా మారటం. మా పేటలో రెండు రకాల వారినీ చూశాను.

కాగితం ఉంది, ధైర్యం లేదు

ఇన్‌స్పెక్టర్లు కార్ఖానా తలుపు తట్టడమే కాదు, అనుమతులు కూడా ఇస్తారు. కొత్త షెడ్డుకు ప్లాను మంజూరు కావాలి, లైసెన్సు కావాలి. కాగితాలు చూసే మనిషి లేకపోతే షెడ్డు లేస్తుంది గాని మిషను తిరగదు. బ్యాంకు వడ్డీ మాత్రం రోజూ తిరుగుతూనే ఉంటుంది.

మిర్యాలగూడ వైపు నా స్నేహితుడొకడికి ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. ధాన్యం ఉడికించాలంటే బాయిలరు కావాలి. ఇంట్లో ప్రెషరు కుక్కరు విజిలు పట్టేస్తే ఏమవుతుందో మన ఇల్లాళ్ళకు తెలుసు. బాయిలరు దానికి వెయ్యింతలు. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి ప్రాణాలు పోయిన తరువాతనే, 1864లో బెంగాలులో బాయిలరు తనిఖీకి చట్టం చేశారు. తరువాత దేశమంతటికీ 1923లో వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో 2025 నాటి చట్టం నడుస్తున్నది.

1923 చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. సర్టిఫికెట్టు గడువు ముగిసేలోపలే రెన్యూవలుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఉత్తర్వు వచ్చేదాకా పాత ఒత్తిడి మీద బాయిలరు నడుపుకోవచ్చు. యజమానికి ఎంత మేలు అనిపిస్తుంది! మా వాడు అట్లా ఒక సీజను నడిపాడు. అప్పట్లో నాతో అన్నమాట ఇది: “కాగితం సంగతి సరే బావా, లోపల ట్యూబులు ఎట్లా ఉన్నాయో నాకెవరు చెబుతారు? పొద్దున్నే నిప్పు వేసే ఫైర్‌మన్ ముఖం చూడలేకపోతున్నాను.” తనిఖీ ఆలస్యమైనా మిల్లు ఆగకుండా చట్టం చూడగలిగింది. కాని ట్యూబు లోపలికి చూసే పని చట్టం చేయలేదు గదా!

పెరిగే బాకీ

తనిఖీ ఆలస్యమైన కొద్దీ చిన్న లోపం పెద్ద అప్పుగా మారుతుంది. 1952 నాటి ప్రావిడెంటు ఫండు చట్టం కింద బకాయికి ఏడాదికి 12 శాతం వడ్డీ. పైన జరిమానా వేరు. బకాయి తేల్చటానికి ఇన్నేళ్ళలోపల అన్న గడువు ఆ చట్టంలో లేదు. పనివాడి వాటాను ఆ నెల జీతంలో పట్టకపోతే, తరువాత అతని దగ్గర వసూలు చేయటానికి సాధారణంగా వీలుండదు. రెండు వాటాలూ యజమాని జేబులోంచే పోవాలి.

నెలకు 1,000 రూపాయలు తక్కువ కట్టిన యజమాని ఉన్నాడనుకోండి. మొదటి ఏడాది చివర అధికారి వచ్చి చెబితే 12,000 రూపాయలూ, ఎనిమిది వందలకు లోపు వడ్డీతో పోతుంది. ఆరేళ్ళ తరువాత వస్తే అసలు 72,000, వడ్డీ సుమారు 26,000. జరిమానా దీనికి అదనం. అందరూ కావాలని ఎగ్గొట్టినవారేనని అనుకోకండి. ఏ అలవెన్సు జీతంలోకి వస్తుంది, ఏది రాదు అన్న వివాదం 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా నలిగింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడు ఇటువంటి విచారణ మొదలుపెట్టటానికి ఐదేళ్ళ గడువు విధించింది. మంచిదే. కాని ఐదేళ్ళ బాకీ కూడా చిన్న షాపును మింగటానికి చాలు.

అమెరికాలో కూడా ఇదే తంతు. అక్కడ 1948లో కూలి చట్టాల అమలుకు దాదాపు వెయ్యిమంది అధికారులు ఉండేవారు. అప్పుడు ఆ చట్టం కిందికి వచ్చే కార్మికులు రెండుకోట్ల ఇరవై లక్షల పైచిలుకు. 2023 నాటికి కార్మికులు పదహారు కోట్లు దాటారు. అధికారులు మాత్రం 750కి తగ్గారు! యజమాని తక్కువ ఇచ్చిన కూలిని రెండేళ్ళ వెనక్కి, కావాలని చేసిన తప్పయితే మూడేళ్ళ వెనక్కి లెక్కకట్టి, అంతే మొత్తం పరిహారంగా కూడా వసూలు చేయవచ్చునన్నది అక్కడి చట్టం. అధికారి తొలి నెలలో చెప్పవలసిన మాటను మూడో ఏట లాయరు వచ్చి చెబుతాడు.

ప్రమాదం జరిగాక

2020 మే 7న విశాఖపట్నం దగ్గర వెంకటాపురంలో స్టైరీను ఆవిరి వ్యాపించి 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇక పేపర్లకు ఎక్కనివి ఎన్నో! 2017 నుంచి 2020 దాకా దేశంలోని రిజిస్టరైన ఫ్యాక్టరీల్లోనే సగటున రోజుకు ముగ్గురు కార్మికులు చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఈ ప్రమాదాలన్నిటినీ సిబ్బంది కొరత మీదికి నెట్టటం న్యాయం కాదు. దేని కారణం దానిది.

కాని ప్రమాదం తరువాత జరిగే తంతు మాత్రం కొరత వల్లనే అంత అస్తవ్యస్తంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి కనిపించని తనిఖీ ఒక్క వారంలో తుఫానులా వస్తుంది. ఉన్న కొద్దిమందినీ గుంపులుగా వీధుల మీదికి పంపుతారు. వారికి తీరిక ఉండదు, పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ప్రెస్సు దగ్గర పావుగంట నిలబడి చూసే తనిఖీ కాదది, పుస్తకంలో టిక్కులు పెట్టుకుపోయే తనిఖీ. మంచి షాపుకూ చెడ్డ షాపుకూ ఒకే రంగు నోటీసు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే దొంగ దొరకడు గాని వీధిలో వాళ్ళందరికీ నిద్ర చెడుతుంది.

బంగ్లాదేశంలో జరిగింది ఇంకా పెద్ద గుణపాఠం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకు బీటలు కనిపించాయి. కింది అంతస్తుల్లో బ్యాంకూ దుకాణాలూ మూసివేశారు. పై అంతస్తుల బట్టల కార్ఖానాలు మాత్రం మర్నాడు కూడా నడిపించారు. ఆ తరువాత విదేశీ కొనుగోలుదార్లు తామే ఒక ఒప్పందం చేసుకుని ఇంజనీర్లను పంపి ఆ దేశపు కార్ఖానాలు తనిఖీ చేయించారు. చెప్పిన మరమ్మతులు చేయని కార్ఖానాకు వారెవ్వరూ ఆర్డరు ఇవ్వరు. 2013 జూన్‌లో అమెరికా తన దిగుమతి సుంకాల రాయితీని కూడా ఆపేసింది. స్వదేశపు ఇన్‌స్పెక్టరు మాటకు బలం లేని చోట పరదేశపు కొనుగోలుదారు ఇన్‌స్పెక్టరు అవుతాడు. ఆయన దగ్గర అప్పీలు చేసుకోవటానికి కోర్టు కూడా ఉండదు.

కంప్యూటరు చాలదా?

“ఈ రోజుల్లో అంతా కంప్యూటరేగా, మనుషులెందుకు?” అనవచ్చు. 2014 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం శ్రమ్ సువిధ అనే ఏర్పాటు ప్రారంభించింది. ఎవరి దగ్గరికి తనిఖీకి పోవాలో కంప్యూటరు చీటీ తీస్తుంది. అధికారి తన రిపోర్టును 72 గంటల్లో అందులో పెట్టాలని మొదట నియమం పెట్టారు. ఇష్టం వచ్చినప్పుడు వచ్చి ఇష్టం వచ్చినట్లు బెదిరించే పద్ధతికి ఇది కొంత కళ్ళెం వేసింది. యజమానుల భయం ఊరికే పుట్టింది కాదు. తనిఖీ పేరుతో కవరు కోసం వచ్చినవారినీ మా పేట ఎరుగును. కాని చీటీ తీయటం కంప్యూటరు వంతయినా, చీటీలో పేరు వచ్చిన షాపుకు నడిచి పోవలసింది మనిషే.

2025 నవంబరు 21న పాత చట్టాలు 29 కలిపి చేసిన నాలుగు కోడులు అమలులోకి వచ్చాయి. ఇన్‌స్పెక్టరు పేరు ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’. తనిఖీ చేస్తూనే దారి చూపే అధికారి అన్నమాట. వేతనాల కోడు ప్రకారం, మొదటిసారి తప్పు దొరికితే కేసు పెట్టేముందు దిద్దుకోవటానికి గడువు ఇవ్వాలి. నా బోటివాడికి ఇంతకంటె కావలసిందేముంది? రెండు బటన్ల ఇన్‌స్పెక్టరుగారు చేసింది కూడా ఇదే. అయితే దారి చూపటానికి మనిషి కావాలి, ఆ మనిషికి తీరిక కావాలి. పారిశ్రామిక దేశాల్లో 10,000 మంది కార్మికులకు ఒకరు, వేగంగా పరిశ్రమలు పెరిగే దేశాల్లో 15,000 మందికి ఒకరు, బాగా వెనుకబడిన దేశాల్లో 40,000 మందికి ఒకరైనా ఇన్‌స్పెక్టరు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి అంచనా.

ఇంకొక సంగతి. కవరు బెడదకు మందు ఇన్‌స్పెక్టర్లను తగ్గించటం కాదు. నెలనెలా వచ్చే కరెంటు మీటరు మనిషిని చూసి మన ఇళ్ళల్లో ఎవరైనా భయపడతారా? వేళకు వస్తాడు, రీడింగు తీసుకుంటాడు, పోతాడు. ఐదారేళ్ళకు ఒకసారి గ్రహణంలా పట్టే అధికారి దగ్గరనే బేరాలు పుడతాయి. ఆయన రాక ఎంత అరుదైతే ఆయన సంతకం అంత ప్రియం.

మా చిన్న పరిశ్రమల సంఘం ఏటా ప్రభుత్వానికి మహజరు పంపుతుంది. కరెంటు కోత, రోడ్డు గుంటలు, అప్పుల వడ్డీ, ఇవే ఏటా ఉండే మూడు కోరికలు. ఈ ఏడు నాలుగోది చేర్చమని నేను లేచి అడిగాను: మా ప్రాంతంలో ఖాళీగా ఉన్న ఇన్‌స్పెక్టరు పోస్టులు నింపండి, కేసులకంటె ముందు సలహా తనిఖీలు జరిపించండి, ఏ షాపులో ఏం చూశారో అందరికీ తెలిసేట్లు ప్రకటించండి అని. సభలో నవ్వులు లేచాయి. “కొరివితో తల గోక్కోవటమంటే ఇదేనండీ” అన్నారొకరు. వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన చెయ్యి ఎత్తి, తీర్మానాన్ని బలపరుస్తున్నానన్నారు. యజమాని కాకముందు ఆయన ప్రెస్సు ఆపరేటరు. ఆ ఎత్తిన చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. నవ్వులు ఆగాయి. ఓట్లు లెక్కపెడితే తీర్మానం నాలుగు ఓట్ల తేడాతో నెగ్గింది.

మహజరు వెళ్ళింది. పోస్టులు నింపటం ఇక ఏలినవారి వంతు.